రేడియో పార్కులో జోడీ

రాజమహేంద్రవరం
6 నవంబరు 2024

ఉమా,

నువ్వు పంపిన జీడిపప్పు అందింది. కోడలు సగం పాకం పట్టింది. మిగతా సగం డబ్బాలో పోసి అటక మీద పెట్టింది. అత్తగారు అటక ఎక్కలేదని చందన ధీమా.

ఫోను చెయ్యమని ప్రతి ఉత్తరం చివరా రాస్తావు. టెలిఫోను ఎక్స్ఛేంజీలో ముప్ఫై ఏళ్లు కూర్చుని ఊరందరినీ ఒకరితో ఒకరిని కలిపిన చెవులివి. ఇంక చాలనుకున్నాయి కాబోలు. విశ్వం పెట్టించిన చెవి మెషీనుతో ఇంట్లో మాటలు వినబడుతున్నాయి గానీ, ఫోను ఎత్తితే మాత్రం నూనెలో గారెలు వేగుతున్న చప్పుడే. మెసేజ్ పెడదామంటే నేను ఒకటి నొక్కితే అది ఇంకొకటి రాస్తుంది. కాబట్టి నీకు నా దస్తూరీ తప్పదు.

నీకు విసుగైనా సరే, మన రేడియో పార్కు సంగతి రాయాలి. గేటు మీద ఎవరో చైర్మన్ గారి పేరు ఉంది గానీ, ఆ పేరుతో దాన్ని పిలిచినవాళ్లను నేను చూడలేదు. మధ్యలో గుండ్రటి గది, అందులో రేడియో, నాలుగు మూలలా స్తంభాలకు లౌడు స్పీకర్లు. సాయంత్రం వార్తల వేళకు గడ్డి మీద చోటుండేది కాదు. కోర్టు పనుల మీద కొవ్వూరు నుంచి వచ్చిన రైతులు కూడా వ్యవసాయదారుల కార్యక్రమం విని గానీ లాంచీ ఎక్కేవారు కాదు. నాన్న కోర్టులో పని ముగించుకుని తిన్నగా అక్కడికే వచ్చి, చొక్కా మడిచి బెంచీ మీద పెట్టి, బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాడు. నేను పసుప్పచ్చ ఊలు బంతులు ఏరి తెచ్చేదాన్ని. తరవాత్తరవాత నాన్నే నాకు బ్యాటిచ్చాడు. పధ్నాలుగో ఏట నాయనమ్మ "ఇంక చాలు" అనేదాకా నేను ఆడాను. నువ్వు చిన్నదానివి, నీకు గుర్తుండదు. ఆ రోజుల్లో ఓసారి వరదలప్పుడు లంకల నుంచి వచ్చినవాళ్లు ఆ పార్కులోనే తలదాచుకున్నారు. నెట్టు కట్టే స్తంభాలకు గేదెల్ని కట్టేశారు.

ఇప్పుడు రేడియో లేదు. ఆ గదిలో చీపుళ్లు పెడుతున్నారు. అయినా పార్కు కళకళలాడుతూనే ఉంది. ఉదయం నడిచేవాళ్లు, నవ్వుల క్లబ్బు వాళ్లు, ఏనుగు బొమ్మ జారుడుబల్ల దగ్గర పిల్లలు. కార్తీకమాసం కదా, ఉన్న ఒక్క ఉసిరి చెట్టు కింద వనభోజనాలకు సంఘాలు వంతులు వేసుకున్నాయి. ఆడేవాళ్లు లేనిది ఆ బ్యాడ్మింటన్ కోర్టు ఒక్కటే. పార్కు అభివృద్ధి కమిటీ పెద్ద శ్యాంబాబుగారు అక్కడ తినుబండారాల షాపులు కట్టిస్తానంటున్నాడు. "ఆడేవాళ్లెవరున్నారండి, చూపించండి" అంటున్నాడు. రేపు ఉదయం మీటింగు. నేనూ వెళ్తున్నాను.

7వ తేదీ

మీటింగు నుంచి ఇప్పుడే వచ్చాను. చెప్పులైనా విప్పకుండా రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. నలుగురిలో అనేశాను ఉమా. ఇన్నేళ్లూ లోపలే పెట్టుకున్న కోరిక నోరు జారి బయటికి వచ్చేసింది. అనగానే పెద్దిరాజుగారు లేచి, "నాగేశ్వరిగారికి జోడీగా నేనుంటానండి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. మా వీధి చివరే ఇల్లు. మర్యాదస్తుడు. విశ్వానికి చెబితే ముఖం మాడ్చుకున్నాడు. "ఈ వయసులో ఇదేంటమ్మా, ఊళ్లో నవ్వుతారు" అన్నాడు. వాడి దగ్గర నువ్వు ఈ విషయం ఎత్తకు. చందన మాత్రం నా పక్షం. నువ్వేమంటావో వెంటనే రాయి. నువ్వు కాదంటే మానేస్తాను.

అక్కయ్య


జంగారెడ్డిగూడెం
11 నవంబరు 2024

అక్కయ్యా,

నీ ఉత్తరం బళ్లో ఉండగా అందింది. పొడుగ్గా ఉంది, ఇంతలో పిరియడ్ గంట కొట్టేశారు. పార్కు సంగతులు తీరిగ్గా చదవొచ్చులే అని చివరి పేజీ చదివాను. చదివి తొమ్మిదో తరగతికి వెళ్లి గణాలన్నీ తప్పు చెప్పాను. పిల్లలే దిద్దారు. వాళ్ల తెలుగు మేడం తప్పు చెప్పడం వాళ్లకదే మొదటిసారి, చాలా సంతోషించారు.

మొదట గుండె ఝల్లుమన్న మాట నిజం. సాయంత్రం ఇంటికొచ్చి, కాఫీ తాగి, ఆ పేజీయే మళ్లీ చదివాను. నిదానంగా ఆలోచిస్తే ఇందులో తప్పేముందో నాకు కనబడలేదు. ఒంటరిగా అయితే ఎన్నాళ్లని నెట్టుకొస్తావు? నువ్వు కాదంటే మానేస్తానన్నావు. నేను కాదనను.

కాకపోతే కొన్ని సంగతులు ముందే తెలుసుకోవడం మంచిది. పెద్దిరాజుగారికి ఇదివరకు జోడీ ఉండే ఉంటారు కదా, వారేమయ్యారు? ఆయన పిల్లలేమంటున్నారు? నీ మోకాళ్ల సంగతి, చెవి సంగతి దాచకుండా చెప్పావా? చెప్పకపోతే తరవాత మాట పడాల్సివస్తుంది. కోపిష్టి మనిషి కాదు కదా? తొందరపడకు. కొన్నాళ్లు ఉదయం పూట అలా పార్కులో కలుస్తూ ఉండండి. ఒకరి తీరు ఒకరికి తెలుస్తుంది.

మీ మరిదికి ఇంకా చెప్పలేదు. సమయం చూసి చెబుతాను. విశ్వం దగ్గర నోరెత్తను. నువ్వు ధైర్యంగా ఉండు.

ఉమ


రాజమహేంద్రవరం
16 నవంబరు 2024

నా బంగారు ఉమకు,

నీ ఉత్తరం చదివాక ఏనుగెక్కినంత సంతోషం వేసింది. నువ్వు వద్దంటావనే అనుకున్నాను. నాకు తోచని ప్రశ్నలన్నీ వేశావు, బడిపంతులమ్మవి అనిపించుకున్నావు.

కుడిచెయ్యి పీకేస్తోంది, అందుకే ఈసారి ఉత్తరం పొట్టిది. అడిగినవాటికి మాత్రం జవాబు రాస్తాను. ఆయన పాత జోడీ కరోనాలో పోయారట. ఆ తరవాత మళ్లీ ఎవరితోనూ కుదరలేదట. ఆ పేరెత్తితే ఇప్పటికీ కళ్లు తుడుచుకుంటారు. పిల్లలు హైదరాబాదులో ఉన్నారు. "మీ ఇష్టం నాన్నా, నడుం జాగ్రత్త" అన్నారట. నా మోకాళ్ల సంగతి చెప్పాను. చెవి సంగతి చెప్పక్కర్లేకుండానే తెలిసింది. "మీరు ముందుండండి, వెనక సంగతంతా నేను చూసుకుంటాను" అన్నారు. కోపం మాత్రం ఉంది. నేనో అడుగు ఆలస్యంగా వేస్తే విసుక్కుంటారు. ఆ వెంటనే "సారీ అండి" అంటారు. రోజూ ఉదయం పార్కులో కలుస్తున్నాం. మొదట్లో నవ్వులపాలయ్యాను. ఇప్పుడు కొంచెం నయం, ఒకరి తీరు ఒకరికి తెలుస్తోంది.

రోజు కూడా ఖాయమైంది. డిసెంబరు పదిహేను, ఆదివారం. ఎక్కడో కాదు, పార్కులోనే. షామియానా, మైకు, వచ్చినవాళ్లకు టిఫిన్లు. కాగితాలు అచ్చువేయిస్తున్నారు. వాటిలో నా పేరూ ఆయన పేరూ పక్కపక్కన ఉంటాయట. చందన నాకు తెల్ల బూట్లు కొనిపెట్టింది. చుడీదార్ వేసుకోమని పోరుతోంది. నేను చీరేనన్నాను. విశ్వం ఇంకా ముభావంగానే ఉన్నాడు. బూట్లు చూసి "హు" అని వెళ్లిపోయాడు.

నువ్వూ మరిదిగారూ తప్పకుండా రావాలి. మిగతా వివరాలు ఇప్పుడెందుకు, వచ్చి కళ్లారా చూద్దువుగాని.

నీ అక్క


జంగారెడ్డిగూడెం
21 నవంబరు 2024

అక్కయ్యా,

పదిహేనో తారీకంటే మర్నాటి నుంచే ధనుర్మాసం. అందుకే తొందరపడ్డారని నాకు అర్థమైంది. మంచి పని చేశారు.

మీ మరిదితో చెప్పాను. ఒక పూటంతా పామాయిల్ తోటలో గెలలు కోయిస్తూ అక్కడే ఉండిపోయారు. సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కుంటూ, "మీ అక్కయ్యగారికి నచ్చితే మధ్యలో మనకేంటి" అన్నారు. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆయన అన్న మంచి మాటల్లో ఇదొకటి.

తునికి ఫోను చేశాను. రేపు ఎవరో చెబితే తెలిసేకంటే మనం చెప్పడమే నయం కదా. అన్నయ్యతో అయిన సంభాషణ రాయకూడదనుకున్నాను గానీ, నువ్వు సిద్ధంగా ఉండాలి కనుక రాస్తున్నాను.

"నాగుకా? అరవై ఏడేళ్లకా?" అన్నాడు.

"అవునన్నయ్యా."

"ఆయన ఎవరివాళ్లు?"

"ఇరిగేషన్ వాళ్లు" అన్నాను.

"ఉమా, నేనడిగేది నీకు తెలుసు."

"తెలుసు. కానీ నేను అక్కయ్యని అడగలేదు, అడగను కూడా. బావగారు పోయాక అక్కయ్య ఒంటిచేత్తో విశ్వాన్ని పెంచితే మనందరం పాపం, పాపం అన్నాం. పాపం అనడం తేలికే. ఇవాళ శుభం అనాల్సివచ్చేసరికి నోరు రావట్లేదా?" అన్నాను.

ఫోను పెట్టేశాడు. మళ్లీ చేస్తే వదిన ఎత్తి, "పూజలో ఉన్నారు" అంది. మధ్యాహ్నం మూడింటికి ఏ పూజో నాకు తెలియదు. ఆయన రాకపోయినా నేనున్నాను. ఎవరు ఏమన్నా ముందు నాతో అనమను.

నీకు గంధం రంగు పట్టుచీర, మెరూన్ అంచుది తీశాను. పెద్దిరాజుగారికి పట్టుపంచెల చాపు. బూట్లేంటో నాకు అర్థం కాలేదు. అంతసేపు నిలబడాలి కాబట్టి కాబోలు. చీర కింద కనబడకుండా చూసుకో.

ఆ ఆదివారం మా బడి ఏదో పోటీపరీక్షకు సెంటరు. డ్యూటీ తప్పించమని హెడ్మాస్టరుగారిని అడిగాను. కారణం ఏంటన్నారు. "మా అక్కయ్య పెళ్లండి" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "శుభమండి" అన్నారు. చూశావా, బయటివాళ్లకు ఎంత సులువుగా వచ్చిందో.

నిన్ను తలుచుకుంటూ,
ఉమ


రాజమహేంద్రవరం
27 నవంబరు 2024

ఓసి ఉమా,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొన్న సోమవారం ఉదయం పార్కులో ఆడుతున్నాం. అవును, ఆడుతున్నాం. బాల్ బ్యాడ్మింటన్. అవతల ఇద్దరు కుర్రాళ్లు, ఇవతల పెద్దిరాజుగారూ నేనూ. నేను చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, తెల్ల బూట్లతో నెట్టు దగ్గరున్నాను. బెంచీ మీద వెంకటదుర్గగారు పాయింట్లు లెక్కపెడుతున్నారు. ఎవరో పిలిచారట, నాకు వినబడలేదు. దుర్గగారు చెయ్యి చూపిస్తే తిరిగాను. గొడుగూ గుడ్డసంచీ పట్టుకుని అన్నయ్య నిలబడి ఉన్నాడు. తెల్లవారుజాము బండికి తునిలో ఎక్కి, తిన్నగా ఇంటికి వెళ్లాడట. చందన, "అత్తయ్యగారు పార్కులో పెద్దిరాజుగారితో ఉన్నారండి" అందట. ఇంకేముంది.

అన్నయ్య నన్ను చూడనైనా చూడలేదు. ఆయన దగ్గరికి వెళ్లి, "పెద్దిరాజుగారంటే మీరేనా" అన్నాడు.

"నేనేనండి. నమస్కారం. రండి, కూర్చోండి."

"కూర్చుంటాను. ముందొక మాట చెప్పండి. మా చెల్లెల్ని చివరిదాకా చూసుకుంటారా?"

పెద్దిరాజుగారు ఒక్క క్షణం ఆలోచించి, నిజాయతీగా, "పదిహేనో తారీకు దాకా గ్యారంటీ అండి. ఆ తరవాత నా నడుం చెప్పాలి" అన్నారు.

అన్నయ్య ముఖం చూడాల్సింది నువ్వు. దుర్గగారు పాపం మర్యాద చేద్దామని లేచి, "ఎండలో నిలబడ్డారేంటండి అన్నగారు, ఇలా రండి" అన్నారు.

"మీరెవరమ్మా?"

"వారి భార్యనండి."

అన్నయ్య చేతిలో గొడుగు కింద పడింది. "తల్లీ, మీకిది సమ్మతమేనా" అన్నాడు.

"ఎందుకు కాదండి? ఇంట్లో ఉంటే పొద్దస్తమానం నా ప్రాణం తోడేస్తారు. ఉదయం పూట మీ చెల్లెలుగారు చూసుకుంటున్నారు, నాకు హాయిగా ఉంది."

అన్నయ్య బెంచీ మీద కూలబడ్డాడు. పడ్డ గొడుగు అందుకుని, "అయితే పెళ్లి మాట?" అన్నాడు. "ఎవరి పెళ్లండి?" అన్నారు పెద్దిరాజుగారు. దుర్గగారికి ముందు వెలిగింది. నవ్వి నవ్వి ఆవిడకు పొలమారింది. కుర్రాళ్లు వీపు నిమిరారు. పెద్దిరాజుగారు మాత్రం చెవుల దాకా ఎర్రబడి, రుమాలుతో బ్యాటు తుడుచుకుంటూ నిలబడ్డారు. ఆయన పాత జోడీ ఎవరనుకున్నావు? అప్పాజీగారని, ఆయనతో పాటు ఇరిగేషన్‌లో పనిచేసిన స్నేహితుడు. ఇరవై ఏళ్లు కలిసి ఆడారు.

తరవాత అన్నయ్య అక్కడే కూర్చుని ఆట చూశాడు. కాసేపటికి, "పెద్దిరాజుగారూ, సర్వీసులో మీ కాలు గీత దాటుతోందండి" అన్నాడు. ఇంకాసేపటికి మరో తప్పు పట్టాడు. నాన్న నేర్పిన రూల్సన్నీ ఆయనకు ఇంకా నోటికి వచ్చు. ఇదేదో బాగుందని పదిహేనో తారీకు ఆయన్నే అంపైరుగా ఉండమన్నారు. ఒప్పుకున్నాడు.

ఇంటికొచ్చి ఉప్మా తింటూ ఏమన్నాడో తెలుసా? "కోప్పడదామనే రైలెక్కాను నాగూ. సామర్లకోట దాటేసరికి ఉమ అన్న మాటలే చెవిలో తిరుగుతున్నాయి. సరే, ఆశీర్వదించి వద్దామనుకున్నాను. తీరా వస్తే ఆయన భార్య పక్కనే కూర్చుని ఉంది, నేనేం చెయ్యను" అన్నాడు.

ఆయన్ని మధ్యాహ్నం బండి ఎక్కించి వచ్చేసరికి నీ ఉత్తరం గుమ్మంలో ఉంది.

అయితే నా మొదటి ఉత్తరంలో పార్కు గురించి రాసిన పేజీలు నువ్వు చదవనే లేదన్నమాట. కోర్టు తీసేస్తున్నారని, ఆడేవాళ్లను చూపించమన్నారని, అంతా అందులోనే ఉంది. మీటింగులో నలుగురిలో నేను అనేసింది "నేను ఆడతాను" అని. నీ మీద బాగా కోపం తెచ్చుకుందామని కూర్చున్నాను. రాలేదు. పెళ్లీ లేదు, పెటాకులూ లేవు, అయినా అన్నయ్యతో నువ్వు అన్న మాటలు మళ్లీ చదువుకున్నాను. నాకోసం అంత పోట్లాడే మనిషి జంగారెడ్డిగూడెంలో ఉందని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

చీర పంపించు, కట్టుకుంటాను. పంచెలు మరిదిగారికి పనికొస్తాయి. హెడ్మాస్టరుగారికి ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం.

ఇక్కడ దిగులు వేరే ఉంది. పోటీలకు పేర్లిచ్చినవాళ్లు చాలా తక్కువ. ఆడవాళ్లలో నేనొక్కదాన్నే. శ్యాంబాబు కొలత టేపు పట్టుకుని కోర్టు చుట్టూ తిరుగుతున్నాడు. "పదిహేనో తారీకు కూడా జనం రాకపోతే మర్నాడే పునాది తవ్వుతామండి, ఏమీ అనుకోవద్దు" అన్నాడు. చెడ్డవాడు కాదు. ఖాళీగా ఉన్న చోటు చూస్తే అతనికి నిద్ర పట్టదు, అంతే.

నవ్వలేక డొక్కలు నొప్పెడుతున్న
అక్కయ్య


జంగారెడ్డిగూడెం
2 డిసెంబరు 2024

అక్కయ్యా,

నీ ఉత్తరం చదివి దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాను. మీ మరిది వచ్చి ఏమైందన్నారు. ఉత్తరం చేతికిచ్చాను. ఆయన వరండాలోకి వెళ్లి చదివారు. అక్కడి నుంచి ఎంతసేపటికీ చప్పుడు రాకపోతే వెళ్లి చూశాను. స్తంభం పట్టుకుని నవ్వుతున్నారు.

హెడ్మాస్టరుగారి దగ్గరికి వెళ్లి, పెళ్లి లేదండి అన్నాను. "అయ్యో, ఏమైందండి" అన్నారు. ఏమని చెప్పను? అబ్బాయికి భార్య ఉందండి అన్నాను. ఆయన కుర్చీలోంచి లేచారు. అప్పుడు అంతా వివరంగా చెప్పాల్సివచ్చింది. నవ్వాపుకుని, అయితే డ్యూటీ డ్యూటీయే అన్నారు. కాబట్టి నేను రాలేను అక్కయ్యా. అదే బాధ. పైగా స్టాఫ్ రూంలో అందరూ కలిసి అప్పటికే గోడ గడియారం కొనేశారు. దాని మీద నూతన దంపతులకు శుభాకాంక్షలు అని రాయించారు. షాపువాడు తిరిగి తీసుకోనన్నాడు.

ఆ సాయంత్రం నీ పాత ఉత్తరాలన్నీ ముందరేసుకుని మొదటి పేజీల నుంచి చదివాను. గేదెల్ని నెట్టు స్తంభాలకు కట్టేసిన సంగతి, చొక్కా మడిచి బెంచీ మీద పెట్టే నాన్న సంగతి, అన్నీ. నాకు గుర్తుండదని రాశావు. నాకొకటి గుర్తుంది. ఎవరిదో పెద్ద చెయ్యి పట్టుకుని ఉన్నాను. పైన ఎక్కడినుంచో ఒక గొంతు మాట్లాడుతోంది, మనిషి కనబడటం లేదు. చెట్టు మాట్లాడుతోందనుకుని ఏడ్చాను. ఇన్నేళ్లూ అది కల అనుకుంటున్నాను. మీ రేడియో పార్కే అది.

మర్నాడు ఆ పేజీలు మా పీఈటీ లోవలక్ష్మికి చదివి వినిపించాను. మా బళ్లో ఆడపిల్లలు బాల్ బ్యాడ్మింటన్ ఆడతారని నీకెప్పుడూ రాయలేదు కదూ? నేనే సరిగ్గా చూడలేదు. లోవలక్ష్మి అంతా విని, "మనం వెళ్దాం మేడం" అంది. హెడ్మాస్టరుగారు సంతకం పెట్టారు. ఇళ్లల్లో ఒప్పించడానికి లోవలక్ష్మీ నేనూ సాయంత్రాలు తిరిగాం. ఒక పిల్ల, రత్నమాణిక్యం అని, వాళ్ల నాన్న పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర పని చేస్తాడు. "పార్కులో ఆటేంటండి ఆడపిల్లకి" అన్నాడు. "మా అక్కయ్య ఆడుతోందండి, అరవై ఏడేళ్లు" అన్నాను. చాలాసేపు నన్ను చూసి, "అయితే పంపుతానండి" అన్నాడు.

పధ్నాలుగో తారీకు శనివారం సాయంత్రం బస్సుకి ఎనిమిది మంది పిల్లలూ లోవలక్ష్మీ దిగుతారు. చందనను కాస్త అన్నం ఎక్కువ వండమను. చీర వాళ్లతోనే పంపుతున్నాను, గడియారం కూడా. దాన్ని ఏం చేస్తారో మీ ఇష్టం.

ముఖం చెల్లని
ఉమ


రాజమహేంద్రవరం
17 డిసెంబరు 2024

ఉమా,

నువ్వు పరీక్షహాల్లో కాపలా కాస్తున్న వేళ ఇక్కడేం జరిగిందో అంతా వరసగా రాస్తాను. మొదటి పేజీ నుంచి చదువు.

ఆదివారం తెల్లవారేసరికి మంచు. షామియానా తడిసి వేలాడుతోంది. శ్యాంబాబు కుర్చీలో కూర్చుని వాచీ చూసుకుంటున్నాడు. అప్పుడు మీ పిల్లలు నీలం చొక్కాలు వేసుకుని గేటులోంచి వరసగా వచ్చారు. నడిచేవాళ్లు నడక ఆపేశారు. నవ్వుల క్లబ్బువాళ్లు నవ్వడం మానేసి వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఎవరు ఎవరికి ఫోను చేశారో గానీ, ఎండ వచ్చేసరికి ఏనుగు బొమ్మ మీద కూడా జనమే. అన్నయ్య ఎత్తు స్టూలు మీద, తలకు టోపీతో. ఆ టోపీ ఎవరిచ్చారో తెలియదు. ఆరోజంతా తియ్యలేదు.

మైకులో పేర్లు చదవాల్సినవాడు రాలేదు. ఎవరు మాట్లాడతారా అని అందరూ ఒకరినొకరు చూసుకుంటుంటే విశ్వం లేచాడు. నెలన్నర నాతో సరిగ్గా మాట్లాడని వాడు. మైకు తీసుకుని ఒకటి రెండు ఆటలకు పేర్లు బాగానే చదివాడు. మా వంతు వచ్చింది. నేను బంతి పట్టుకుని నిలబడ్డాను. "సర్వీసు, శ్రీమతి..." అని ఆగిపోయి, "సర్వీసు, మా అమ్మ" అన్నాడు. చెవి మెషీను తీసేసి ఆడదామనుకున్నదాన్ని, ఎందుకో ఉంచుకున్నాను. మంచిదైంది.

మొదటి ఆట బ్యాంకు ఆఫీసర్లతో గెలిచాం. వాళ్లు నన్ను చూసి మెల్లిగా కొట్టారు. మెల్లిగా వచ్చిన బంతిని ఏం చెయ్యాలో నాన్న నాకు ఎప్పుడో చెప్పాడు. రెండో ఆట మీ రత్నమాణిక్యం జోడీతో. ఆ పిల్ల మెల్లిగా కొట్టలేదు. బంతి వచ్చిందని తెలిసేలోపు వెనక పడేది. పెద్దిరాజుగారు ఒక బంతికి అడ్డంగా దూకి, అలాగే ఉండిపోయారు. నడుం పట్టేసింది. అయినా ఆట ఆపనివ్వలేదు, వంగినవాడు వంగినట్టే ఆడారు. ఓడిపోయాం. చిత్తుగా ఓడిపోయాం ఉమా. ఆ పిల్ల వచ్చి నా కాళ్లకు దణ్ణం పెట్టి, "మీ ఎడమచేతి వైపే కొట్టమని మా మేడం చెప్పారండి అమ్మమ్మగారూ" అంది. లోవలక్ష్మి ఆకాశంలోకి చూసింది.

నాకు బాధ వేస్తుందేమోనని అందరూ నా చుట్టూ చేరారు. బాధ ఎందుకు? ఆ పిల్లకు ఎంతుంటాయి, పధ్నాలుగు. "ఇంక చాలు" అనేవాళ్లెవరూ ఆమె చుట్టుపక్కల లేరు. నాకది చాలు.

చివరికి మీ పిల్లలే ఫైనల్ గెలిచారు. నీ గడియారం మొదటి బహుమతిగా ఇచ్చేశాం. రత్నమాణిక్యం దాని మీద రాసింది చదివి, నన్నూ పెద్దిరాజుగారినీ మార్చి మార్చి చూసింది. దుర్గగారికి మళ్లీ పొలమారింది.

శ్యాంబాబు మైకు తీసుకున్నాడు. "ఆడేవాళ్లెవరున్నారని అడిగానండి. చూసేవాళ్లు ఇంతమంది ఉంటారని లెక్కేసుకోలేదు" అన్నాడు. షాపులు గేటు పక్కన స్కూటర్లు పెట్టే చోట కడతారట. కోర్టు ఉంటుంది. ఉదయం పూట ఆడవాళ్లకే. రేడియో గది మాత్రం పడగొడతారు. గోడలు బీటలు వారాయి, పిల్లల మీద పడితే ప్రమాదం అన్నారు. కాదనలేకపోయాం. నిన్న సాయంత్రం వెళ్లి ఆ గది గుమ్మం మీద కాసేపు కూర్చున్నాను. అన్నయ్య కూడా వచ్చాడు, నిన్న ఉండిపోయాడు. నువ్వు కల అనుకున్న సంగతి చెప్పాను. లేచేటప్పుడు, "ఉమ ఇక్కడ ఏడ్చింది, నాకు గుర్తుంది. నాన్న భుజానికెత్తుకుని స్పీకరు దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు" అన్నాడు. కనుక అది కల కాదు.

నీ గంధం రంగు చీర బహుమతుల వేళ కట్టుకున్నాను. బూట్లు విప్పలేదు. అంచు కింద నుంచి కనబడుతూనే ఉన్నాయి. ఎవరూ నవ్వలేదు. నవ్వినా నాకు వినబడేది కాదనుకో.

ఇక ఇవాళ్టి సంగతి. ఉదయం కోర్టుకు వెళ్లేసరికి తొమ్మిదిమంది ఆడవాళ్లు. వీళ్లలో ముగ్గురు నాకు బొత్తిగా తెలియదు. ఒకావిడ వంట చేతులతోనే వచ్చేసింది, పసుపు ఇంకా ఉంది. పెద్దిరాజుగారు నడుముకు పట్టీ వేసుకుని, గోడ పట్టుకుంటూ వచ్చి, "రండి నాగేశ్వరిగారూ" అన్నారు. దుర్గగారు ఆయన చేతిలోంచి బ్యాటు లాక్కుని, "మీరు వెళ్లి పడుకోండి. ఇంక ఆవిడ జోడీని నేను" అన్నారు. ఆవిడ జీవితంలో బ్యాటు పట్టుకోలేదు. ఇవాళ ఒక్క బంతీ తగల్లేదు. తగలనప్పుడల్లా బంతినే తిడుతున్నారు. పెద్దిరాజుగారు బెంచీ మీద కూర్చుని పాయింట్లు లెక్కపెట్టారు. అందులోనూ ఆవిడ తప్పులు పట్టారు.

ఇంకా చాలా రాయాలనుంది. దుర్గగారు వీధిలో నిలబడి పిలుస్తున్నారట. చందన వచ్చి భుజం తట్టి చెప్పింది. సాయంత్రం కూడా ఆడదామని పొద్దున్నే అనుకున్నాం, నేనే మర్చిపోయాను. కొత్తవాళ్లకు సర్వీసు నేర్పాలి. బూట్లు వేసుకోవాలి, వెళ్తున్నాను.

అక్కయ్య